“నాకు లెక్కలు రావు సార్” అన్న పిల్లవాడితో ఏం మాట్లాడాలి?

(కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల హైస్కూలు ఉపాధ్యాయులు, హాస్టల్ వార్డెన్ల సమావేశంలో, ఆదోనిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బడి పనులు, ఆన్‌లైన్‌లో నింపాల్సిన వివరాలు, ఇన్నిటి మధ్య తీరిక చేసుకుని ఇంతమంది వచ్చారు. కాబట్టి నేరుగా విషయంలోకే వస్తాను.

పిల్లలు కనబడితే చాలు, పెద్దవాళ్లం ఒక ప్రశ్న అడుగుతాం. “పెద్దయ్యాక ఏమవుతావు?” ఈ ప్రశ్నను తొమ్మిదో తరగతి అయ్యేదాకా పక్కన పెట్టండని మిమ్మల్ని అడగడానికి వచ్చాను. దానికి బదులు “నిన్న ఏం చేశావు?” అని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లో చెప్పిన పది జీవన నైపుణ్యాల్లో తన గురించి తాను తెలుసుకోవడం ఒకటి. శిక్షణ తరగతుల్లో దాన్ని ఆత్మావగాహన అంటారు. పిల్లల్లో అది నిన్నటి రోజును ఉన్నదున్నట్టు చూసుకోవడంతోనే మొదలవుతుందని నా నమ్మకం. లక్ష్యం దాని తర్వాత వస్తుంది.

ఏమవుతావని అడిగితే కలెక్టర్, డాక్టర్, పోలీసు, టీచరు, సాఫ్ట్‌వేర్ అంటారు. క్లాసు మొత్తానికి ఐదారు జవాబులే. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. కోసిగి పక్కనో, కౌతాళం పక్కనో పల్లెలో పెరిగే పిల్లకు కనిపించే ఉద్యోగాలు అవే. భూగర్భ జలాలను కొలిచే మనిషి, విత్తనాల ల్యాబులో పనిచేసే మనిషి ఆ పిల్లకు ఎప్పుడూ ఎదురుపడరు. ఎదురుపడని దాన్ని ఎవరు మాత్రం కోరుకుంటారు? అందుకే ఆ జవాబు పిల్లల గురించి మనకు పెద్దగా చెప్పేదేమీ ఉండదు.

ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. ఎనిమిదో తరగతి. అమ్మానాయనలతో సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు పోయి, ఉగాది దగ్గరపడ్డాక తిరిగి బడికి వచ్చాడు. “నాకు లెక్కలు రావు సార్” అన్నాడు, ఒంటి మీది పుట్టుమచ్చ గురించి చెప్పినట్టు. నేను లెక్కల ఊసు ఎత్తలేదు. “గుంటూరు కాడ ఉన్నప్పుడు రోజంతా ఏం చేస్తాంటివి?” అని అడిగాను. పొద్దున అమ్మ వెంట పత్తి తీతకు పోవడం, సాయంత్రం తూకం దగ్గర నిలబడడం. తూకం దగ్గర నీకేం పని అంటే, మేస్త్రీ చదివే బరువును వాడు పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకునేవాడట. అమ్మవి ఇన్ని కిలోలు, నాయనవి ఇన్ని, కిలోకి ఇంత చొప్పున ఎంత. వారానికోసారి తిండి ఖర్చులకు ఇచ్చిన డబ్బు తీసేసి, ముందే తీసుకున్న అడ్వాన్సులో ఎంత తెగింది, ఇంకెంత ఉంది. ఒక వారం లెక్కలో ఒక రోజు తూకం రాకపోతే పట్టుకున్నది వీడే. ఆ కాగితం తెప్పించుకుని చూశాను. దశాంశాలున్నాయి, కొట్టివేతలున్నాయి. కూడికలన్నీ సరిగ్గా ఉన్నాయి.

తర్వాత వాడి లెక్కల నోటుబుక్కు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. సమీకరణంలో ఒక పదాన్ని అటుపక్కకు తీసుకుపోయేటప్పుడు గుర్తు మార్చడం లేదు. ప్లస్ ప్లస్‌గానే పోతోంది. బడిలో పక్షాంతరం చెప్పిన రోజుల్లో వాడు పత్తి చేలో ఉన్నాడు. అంతే సంగతి. “నాకు లెక్కలు రావు” అన్న చోట “పక్షాంతరంలో గుర్తు తప్పుతున్నాను” అన్న మాట వచ్చింది. మొదటి మాట పట్టుకుని ఎవరూ ఏమీ చేయలేరు. రెండో మాటలో రెండు వారాల పని ఉంది, అది వాడు చేయగలిగిన పని. పైగా, తూకం దగ్గర మేస్త్రీ తప్పు పట్టుకున్నది తానే అన్న సంగతి కూడా వాడికి లెక్కలోకి వచ్చింది. తనకు ఏం రాదో కచ్చితంగా తెలియడం, ఏం వచ్చో సాక్ష్యంతో సహా తెలియడం, ఈ రెండూ కలిస్తేనే నేను దాన్ని ఆత్మావగాహన అంటాను.

దీనికి ఒక నోటుబుక్కు చాలు. పేజీని మూడు భాగాలు చేయించండి. ఏం చేశాను, ఎంతసేపు చేశాను, ఎట్లా అనిపించింది. చదువు పనులొక్కటే రాయిస్తే దండగ. నీళ్లు మోయడం, తమ్ముణ్ణి ఆడించడం, గొర్రెల వెంట పోవడం, ఫోన్‌లో రీల్స్ చూడడం, అన్నీ అందులోకి రావాలి. మొదటి వారం అందరూ “బాగా అనిపించింది” అనే రాస్తారు. అక్కడ విసుక్కోకండి. పుస్తకాల తెలుగులో రాయాలనుకుంటే వాళ్ల కలం సాగదు. ఇంట్లో మాట్లాడే మాటే రాయమనండి. ఆదోని చుట్టుపక్కల ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పిల్లలున్నారు, వాళ్లను ఆ మాటల్లోనే రాసుకోనివ్వండి. అప్పుడు “యాష్టకొచ్చింది”, “బేజారైంది”, “టైమ్ తెలియల్యా” లాంటివి మెల్లగా బయటికి వస్తాయి. ఈ “టైమ్ తెలియల్యా” అన్నది ఏ పని పక్కన పదే పదే వస్తోందో చూడండి. ఒకమ్మాయికి అది కుట్టుమిషన్ పక్కన వచ్చింది, ఇంకొకరికి అవ్వకు మందుల చీటీ చదివిపెట్టడం పక్కన వచ్చింది. పిల్లల మొగ్గు ఎటో అక్కడ కనిపిస్తుంది.

నెలకోసారి చేయదగ్గ పని ఇంకొకటి ఉంది. యూనిట్ టెస్ట్ రాసి పేపర్ ఇచ్చేముందు, తనకు ఎన్ని మార్కులు వస్తాయనుకుంటున్నారో పిల్లలు పేపర్ మూలన రాయాలి. దిద్దాక రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ చేసి 1999లో ప్రచురించిన పరిశోధనలో, అందరికంటే తక్కువగా చేసినవాళ్లే తమకు నిజంగా వచ్చినదానికంటే బాగా ఎక్కువగా అంచనా వేసుకున్నారు. ఎందుకిలా జరుగుతుందో 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం చూస్తే కొంత అర్థమవుతుంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు తమకు బాగా గుర్తుంటుందని నమ్మారు. పుస్తకం మూసి, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు అంత నమ్మకం కలగలేదు. వారం తర్వాత చూస్తే ఈ రెండోవాళ్లకే ఎక్కువ గుర్తుంది. గైడు తెరిచి పదిసార్లు చదివి “అంతా వచ్చేసింది” అనుకునే పిల్లలు మన ప్రతి క్లాసులోనూ ఉన్నారు. వాళ్లు సోమరులు కారు. తమకు వచ్చిందో లేదో తెలుసుకునే దారి వాళ్లకు ఎవరూ చూపలేదు.

ఒక్క జాగ్రత్త. అంచనాకూ అసలు మార్కుకూ తేడా వచ్చిందని తిట్టకండి. ఒక్కసారి తిడితే, మరుసటి నెల నుంచి ఆ మూలన ఉండే అంకె పిల్లలు మన కోసం రాసేదవుతుంది. ఇక దానితో వాళ్లకు ఉపయోగం ఉండదు.

ఇప్పుడు లక్ష్యాల సంగతికి వస్తాను. “బాగా చదువు”, “ఇంకా కష్టపడు” అని చెబుతుంటాం. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల తరబడి ఈ విషయాన్నే పరిశీలించారు. స్పష్టంగా, కాస్త కష్టంగా ఉండే లక్ష్యం పెట్టుకున్నవాళ్లు, చేతనైనంత చెయ్యమని మాత్రమే చెప్పించుకున్నవాళ్ల కంటే బాగా చేస్తారని తేల్చారు. శిక్షణల్లో మనకు ఇంతవరకే చెబుతారు. మిగతా సగం కూడా వినండి. పని పూర్తిగా కొత్తదైనప్పుడు, ఇంకా చేతకానిదైనప్పుడు, మార్కుల లక్ష్యం మేలు చేయకపోగా టెన్షన్ పెంచుతుంది. అక్కడ నేర్చుకునే లక్ష్యం పెట్టాలి. ఇంగ్లిష్ వాక్యం కూడబలుక్కుంటున్న పిల్లకు 80 మార్కుల లక్ష్యం పెడితే ఆ పిల్ల బట్టీకే పోతుంది. “జరిగిపోయిన సంగతిని నా అంతట నేను ఐదు వాక్యాల్లో రాయగలగాలి” అన్నది ఆ పిల్లకు సరైన లక్ష్యం.

లక్ష్యం రాసిన కాగితం గోడకు అంటించి మర్చిపోవడం కూడా మామూలే. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన చిన్న ఉపాయం నాకు చాలా పనికొచ్చింది. ఎప్పుడు, ఎక్కడ, ఏది జరిగితే ఏం చేస్తానో ముందే అనుకోవడం. “రోజూ చదువుతా” అని రాసిన అమ్మాయి చేత ఇట్లా మార్పించాం: “రాత్రి గిన్నెలు కడిగేసినాక, టీవీ పెట్టకముందు, గడప దగ్గర కూర్చుని ఐదు వాక్యాలు రాస్తా. కరెంటు పోతే పొద్దున నీళ్లకు పోకముందు రాస్తా.” రెండో వాక్యం చూడండి. తన ఇంట్లో ఏ అడ్డంకి వస్తుందో ఆ పిల్లకే తెలుసు, మనకు తెలియదు. అందుకే లక్ష్యం పిల్లల చేతి రాతలోనే ఉండాలి. మనం డిక్టేషన్ చెప్పి రాయించిన లక్ష్యానికి ఈ వాక్యం ఉండదు.

కలెక్టర్ అవుతానన్న పిల్లను మాత్రం నవ్వి తీసెయ్యకండి. “అయిన మొదటి రోజు ఏం చేస్తావు?” అని అడగండి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తడుముకోకుండా చెప్పింది: “మా ఊరి బస్సు బడి ఇడిసినాక వచ్చేట్టు చేస్తా సార్.” బస్సు ముందే వెళ్లిపోతుంది కాబట్టి ఆ ఊరి పిల్లలు చివరి పీరియడ్ ఒదులుకుని పరుగెత్తాలి, లేదంటే ఆటోకు డబ్బులు పెట్టుకోవాలి. దీనికోసం కలెక్టర్ అయ్యేదాకా ఆగడం ఎందుకు? ఆ ఊరి పిల్లలంతా కలిసి డిపో మేనేజర్‌కు అర్జీ రాశారు. మొదటి ప్రతి నిండా “దయచేసి”, “కనికరించి” అన్న మాటలే. రెండో ప్రతిలో బస్సు వచ్చే వేళ, బడి వదిలే వేళ, ఎంతమంది పిల్లలు, ఎంతమందికి పాసులున్నాయి అన్నవి వరుసగా వచ్చాయి. ఆ వరుస పెట్టింది ఆ అమ్మాయే. నలుగురి ఇబ్బందిని కాగితం మీద పద్ధతిగా పెట్టడం తనకు వచ్చునని అంతకుముందు ఆ పిల్లకే తెలియదు. బస్సు వేళ ఇంకా మారలేదు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వడానికి మరో అర్జీ తయారవుతోంది, ఈసారి సర్పంచ్ సంతకంతో.

లక్ష్యం ముందు, పని తర్వాత అని మనం అనుకుంటాం. చాలామంది జీవితాల్లో ఈ వరుస తిరగబడి ఉంటుంది. మన పక్కనే ఉన్న కడపకు 1820లో సి.పి. బ్రౌన్ వచ్చినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్లు నిండలేదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, తెలుగు ఉద్యోగానికి కావలసిన భాష. ఆ భాషలో పడ్డాక వేమన పద్యాలు పట్టుకున్నాయి. 1829లో వాటిని అచ్చు వేయించాడు. రాతప్రతులు సేకరిస్తూ, పండితుల చేత సరిచూయిస్తూ పోయి, 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చాడు. కడపలో అడుగుపెట్టిన రోజున ఎవరైనా జీవిత లక్ష్యం ఏమిటని అడిగి ఉంటే ఏం చెప్పేవాడు? పద్నాలుగేళ్ల పిల్లల దగ్గర మనం అంతకంటే ఎక్కువ ఆశించడం న్యాయమేనా?

పిల్లల చేతుల్లో లేనివీ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం. అంటే మన బడుల్లో ఎంతోమంది పిల్లలకు ఇంట్లో పుస్తకం తీసి చెప్పే మనిషి లేరు. వాన రాక, అప్పు తీరక, ఇల్లు తాళం వేసి అందరూ సుగ్గికి పోతే, ఆ పిల్ల హాజరు తగ్గడం పట్టుదల లేకపోవడం వల్ల కాదు. “మనసుంటే ఏదైనా సాధించొచ్చు” అని అలాంటి పిల్లతో అంటే, సాధించలేకపోయిన ప్రతిదానికీ నిందను ఆ పిల్ల నెత్తిన పెట్టినట్టే. అందుకని లక్ష్యం పక్కన రెండు వరుసలు రాయిస్తాను: నా చేతిలో ఉన్నది, ఇంకొకరిని అడగాల్సింది. రెండో వరుస మన పని. సీజనల్ హాస్టల్‌లో చోటు, స్కాలర్‌షిప్ కాగితాలు, ఇంటికి పోయి నాయనతో ఒక మాట, ఇవన్నీ అందులోకే వస్తాయి.

నోటుబుక్కులో మనం అనుకోనివి కూడా వస్తాయి. “నాకు సంబంధం చూస్తాండారు” అని పదో తరగతి పిల్ల రాయవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం, 1098కి ఫోన్ చేస్తే సాయం వస్తుంది. నోటుబుక్కు నీది, నువ్వు చూపించిన పేజీనే చూస్తాను అని మొదటి రోజే మాటివ్వండి. నీకు ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం ఊరుకోను, సాయం చేయగలవాళ్లకు చెబుతాను అని కూడా ఆ రోజే చెప్పండి. ఈ రెండో మాట దాచిపెట్టి పిల్లల చేత మనసు విప్పించడం వాళ్లను మోసం చేయడమే.

వేలిముద్రలు తీసుకుని పిల్లల తెలివి, సరిపోయే కోర్సు చెబుతామని పట్నాల్లో తిరిగేవాళ్లున్నారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. తల్లిదండ్రులు అడిగితే రూపాయి కూడా పెట్టొద్దని గట్టిగా చెప్పండి.

పదో తరగతికి వచ్చాక, మొదట పక్కన పెట్టమన్న ప్రశ్న అడగండి. అప్పటికి ఏడాది నోటుబుక్కు చేతిలో ఉంటుంది. ఎంపీసీ, బైపీసీ తప్ప దారి లేదనుకునే ఇళ్లలో సీఈసీ, హెచ్‌ఈసీ, పాలిసెట్ రాసి పాలిటెక్నిక్, ఐటీఐ, ఏపీఆర్‌జేసీ, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, అన్నీ పేజీలు తిప్పుతూ మాట్లాడుకోవచ్చు. తల్లిదండ్రుల్ని కూడా ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టండి. మార్కుల కార్డు చూపిస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. కూతురు రాసుకున్న పేజీని కూతురే చదివి వినిపిస్తే, చదువురాని తల్లి కూడా “ఔ, ఇది చిన్నప్పటి నుంచీ అంతే” అని మాట కలుపుతుంది.

టైమ్ ఎక్కడుందని మీరు అడగబోతున్నారు. వారానికి ఒక పీరియడ్, మిగతా రోజుల్లో హాజరు వేశాక ఐదు నిమిషాలు చాలు. అన్ని తరగతులకూ ఒకేసారి మొదలుపెట్టొద్దు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఒక సెక్షన్‌తో చూడండి.

ఇక మీరు మాట్లాడాలి. ముందు హాస్టల్ వార్డెన్లు మాట్లాడితే బాగుంటుందని నా మనవి. సుగ్గి కాలంలో పిల్లలు రాత్రిళ్లు ఉండేది మీ దగ్గరే. అమ్మానాయన దగ్గర లేని ఆ నెలల్లో ఇట్లా రాసుకోవడం వాళ్లకు ఊరట ఇస్తుందా, బెంగ పెంచుతుందా అన్నది నాకంటే మీకే బాగా తెలుసు. అది విన్నాక, ఏ బడిలో ఏ సెక్షన్‌తో మొదలుపెడతామో ఇక్కడే కూర్చుని రాసుకుందాం.