ఎన్జీవోల్ల హెచ్‌ఆర్ పని: ఎవరి తెలివికి ఎంత లెక్క కడుతున్నం?

అందరికి నమస్తే. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) వాళ్లు ముందు కూసున్నరు, ఎంబీఏ వాళ్లు వెనక కూసున్నరు, నేను చెప్పబోయే పని మీ రెండిటి నడుమ ఉంటది, అందుకే క్లాసుల దీని గురించి ఎక్కువ విని ఉండరు. ఎన్జీవోల్ల, అంటే స్వచ్ఛంద సంస్థలల్ల, మనుషుల్ని ఎట్ల తీసుకోవాలె, జీతం ఎట్ల కట్టాలె, ఎవర్ని పైకి తేవాలె, అన్యాయం అయితే ఎవరికి చెప్పుకోవాలె, ఇవన్నీ కాయితం మీద పెట్టి నడిపించే పని. హెచ్‌ఆర్ అనుకోండి. కాని కంపెనీ హెచ్‌ఆర్‌కు లేని తలనొప్పి ఒకటి ఇక్కడ ఉంది, "మనం సేవ చేస్తున్నం కదా" అనే మాట. జీతం అడిగితే అదే మాట, లీవు అడిగితే అదే మాట. పాలమూరు వలస కూలీలకు రావాల్సిన పైసల కోసం లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగే సంస్థనే తన స్టాఫ్‌కు పేస్లిప్ ఇయ్యదు, అడిగితే "మనమంతా ఒక కుటుంబం" అంటరు. కుటుంబంల పేస్లిప్ ఎవరడుగుతరు చెప్పున్రి!

ఇంటర్వ్యూ కాడికెళ్లి మొదలుపెడ్త. దేవరకొండ దిక్కు తండాల్ల ఫీల్డ్ కోఆర్డినేటర్ పోస్టు ఉందనుకోండి. రోజూ చేసే పని ఏంది? బడి మానేసిన పిల్లల ఇండ్లకు పోవుడు, తల్లులతోని లంబాడీ భాషల మాట్లాడుడు, సర్పంచుతోని పంచాయితీ పెట్టుకోకుండ పని చేయించుకునుడు. మరి ఇంటర్వ్యూల అడిగేది, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్". ఇంగ్లీషుల గడగడ చెప్పినోడు సెలెక్ట్, తండాల పుట్టి పెరిగి ఏండ్ల కొద్ది వాలంటీర్‌గ చేసిన అక్క రిజెక్ట్, పక్కన రిమార్కు "కమ్యూనికేషన్ వీక్". ఆమె కమ్యూనికేషన్ ఎట్ల వీక్ అయింది సారూ, మీరు పోయి ఆ తండాల అరగంట మీటింగ్ పెట్టి సూడున్రి!

దీన్ని మార్చుడు పెద్ద విద్యేం కాదు. పనిల నిజంగ కావాల్సినవి నాలుగైదు ముందే రాసుకోవాలె, వచ్చినోళ్లందరికి అవే ప్రశ్నలు తెలుగులనో లంబాడీలనో అడగాలె, వట్టిగ కూసోబెట్టి అడుగుడు కాదు, ఊళ్లెకు తీస్కపోయి ఒక మీటింగ్ నడపమనాలె. ప్యానల్‌ల ముగ్గురుంటే ముగ్గురూ ఎవరి మార్కులు వాళ్లు రాసినంకనే నోరు విప్పాలె, లేకుంటే డైరెక్టర్ సారు ఫస్టు "పిలగాడు మంచిగున్నడు" అంటడు, మిగిలిన ఇద్దరూ తలూపుతరు, అయిపాయె. నోటిఫికేషన్ గూడ మన వాట్సాప్ గ్రూపులల్లనే తిప్పితే మనోళ్లే వస్తరు, మహిళా సంఘాల మండల సమాఖ్యల కాడ, బస్టాండ్ల కాడ అతికించాలె.

తర్వాత జీతం. ఈ పనిల అసలు రుచి నాకు ఇక్కడనే కనవడ్డది. సమాన విలువున్న పనికి ఆడ, మగ అందరికి సమాన జీతం అని ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 1951ల ఒక ఒప్పందం చేసింది, మన దేశం 1958ల దాని మీద సంతకం పెట్టింది. సమాన విలువ అంటే ఎట్ల కొలుస్తరు? నాలుగు సూస్తరు: నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పని చేసే పరిస్థితులు. ఈ నాలుగు పట్టుకోని మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ సర్వే చేసే అమ్మాయినీ, హైదరాబాద్‌ల ఏసీల కూసోని ఆమె పంపిన లెక్కలతోని రిపోర్టు చేసే పిలగాన్నీ పక్కపక్కకు పెట్టున్రి. మే నెల ఎండల బండి మీద తిరుగుడు పరిస్థితులల్ల లెక్కకొస్తది, ఫ్లోరైడ్ నీళ్లతోని నడుము వంగిపోయిన పెద్దమనిషిని బాధ పెట్టకుండ ప్రశ్న అడుగుడు నైపుణ్యంల లెక్కకొస్తది. రిపోర్టు రాసుడు తక్కువ పని అంటలేను. కాని మస్తు సంస్థలల్ల ఆ పిలగాని జీతం ఎక్కువ ఉంటది, ఎందుకో అడిగితే ఎవరికాడ జవాబుండదు, ఎప్పటికెళ్లో అట్లనే నడుస్తుంది. గ్రేడ్ల ఫారం, అంటే ఏ పోస్టు ఏ జీతం మెట్టు అని రాసే కాయితం, ఆఫీసోళ్లు రాసిన్రు, వాళ్లకొచ్చేదే తెలివి అని రాసుకున్నరు.

కాంట్రాక్టుల సంగతి వేరే. ప్రాజెక్టు మూడేండ్లది, అయిపోతది, ఒక నెల గ్యాప్ పెట్టి మల్ల అదే మనిషిని కొత్తగ తీసుకుంటరు. గ్రాట్యుటీ అంటే ఉద్యోగం విడిచేటప్పుడు సంస్థ ఇచ్చే పైసలు, 1972 చట్టం ప్రకారం దానికి ఐదేండ్లు ఆగకుండ చెయ్యాల్సి ఉండె, నెలకు 26 రోజుల లెక్కన ఏడాదికి 15 రోజుల జీతం. బేసిక్, డీఏ కలిపి 13,000 ఉన్న మనిషికి ఏడాదికి 7,500, ఐదేండ్లకు 37,500. ఆ గ్యాప్ నెలతోని అదంతా పాయె. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమలుకొచ్చినయి, ఫిక్స్‌డ్ టర్మ్ (ముందే గడువు రాసిన) కాంట్రాక్టోళ్లకు ఏడాది చేస్తే చాలు గ్రాట్యుటీ వస్తది. ఫీల్డ్ స్టాఫ్‌ల ఎందరికి తెలుసు ఇది? చెప్పేటోడు ఉండాలె కదా, ఆ చెప్పేటోడి ఉద్యోగమే నేను మీకు చెప్తున్నది.

ఇంకోటి, పది మంది గాని అంతకన్న ఎక్కువ గాని ఉన్న ప్రతి ఆఫీసుల 2013 చట్టం కింద లైంగిక వేధింపుల మీద ఇంటర్నల్ కమిటీ ఉండాలె, పెద్ద పోస్టుల ఉన్న ఆడమనిషి దానికి అధ్యక్షురాలు, సగం మందన్న ఆడోళ్లుండాలె, బయటి మనిషి ఒకరు. పని మీద పోయిన ఊరు, సంస్థ పెట్టిన జీపు గూడ ఆ చట్టం కింద ఆఫీసే. వేరే కంపెనీల కమిటీలకు బయటి సభ్యులుగ పొయ్యేది ఎన్జీవోలోళ్లే, తీరా సూస్తే కొందరి సొంత ఆఫీసుల కమిటీ ఉండదు.

మరి ఉద్యోగాలు ఉన్నయా అంటరు. నిజం చెప్పాలంటే చిన్న సంస్థలు ఫుల్‌టైం హెచ్‌ఆర్‌ను పెట్టుకోలేవు. విదేశీ నిధుల చట్టాన్ని 2020ల మార్చినప్పుడు ఆఫీసు ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించిన్రు, మేనేజ్‌మెంట్ జీతాలు దాంట్లనే సర్దాలె, ముందుగాల కత్తెర పడేది ఇసొంటి పోస్టుల మీదనే. అందుకని ఒక్కరే నాలుగైదు సంస్థలకు కలిపి చేసుడు మంచి తొవ్వ, నల్లగొండల రెండు, అచ్చంపేటల ఒకటి, నారాయణపేటల ఒకటి అన్నట్టు. పీఎఫ్, ఈఎస్ఐ రిటర్నులు వెయ్యొస్తే మొదటి పని తొందరగ దొరుకుతది, లోపలికి పోయినంక గ్రేడ్ల ఫారం అడిగి తీసుకోండి. ఎంబీఏ వాళ్లు ఒక నెలన్న ఫీల్డ్‌ల తిరగాలె, ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లు ఎక్సెల్ నేర్చుకోవాలె, తప్పదు.

ఇగ అడుగున్రి, జీతం సంగతి అడగనీకి సిగ్గుపడకున్రి, ముందుగాల అదే అడుగున్రి.