ఎండాకాలం కిడ్నీ దెబ్బ: స్టూడియో చర్చ

యాంకర్: భూపాలపల్లి బొగ్గుబాయిల నుంచి పరకాల చేన్ల దాకా ఎండ మండిపోతోంది. మేడం, నిన్నటిదాకా బాగున్న కిడ్నీ రెండు రోజుల్లో ఎట్లా దెబ్బతింటుంది?

నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్): కిడ్నీకి రక్తం చాలక. చెమట, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతే బీపీ పడిపోతుంది. అప్పటికింకా నీళ్లందితే కిడ్నీ తేరుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఒళ్లునొప్పులని డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటారు. కిడ్నీకి రక్తం తెచ్చే సన్న నాళం ఆ మందుతో ముడుచుకుంటుంది. బీపీ గోళీ టెల్మిసార్టాన్ కూడా వాడుతుంటే వడపోతకు కావాల్సిన ఒత్తిడీ పోతుంది.

యాంకర్: బీపీ గోళీ మానెయ్యాలా సర్?

ఫిజీషియన్: మొత్తానికి కాదు. వాంతులు, విరేచనాలు ఆగేదాకా డాక్టర్‌ని అడిగి ఆపాలి, మామూలుగా తిని తాగుతున్నాక మళ్లీ మొదలుపెట్టాలి. షుగర్ గోళీ మెట్‌ఫార్మిన్‌కూ అంతే. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం వేసి తాగితే ఉప్పు పాళ్లు తప్పుతాయి.

యాంకర్: గుర్తుపట్టేదెట్లా?

నెఫ్రాలజిస్ట్: మూత్రం సీసాలో పట్టి కొలవండి. 60 కిలోల మనిషికి 6 గంటల్లో 180 మిల్లీలీటర్లు రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. ఇక క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థం, రక్తపరీక్షలో తెలుస్తుంది. రిపోర్టులో 1.2 చూసి నార్మలే అంటారు. పోయిన నెల 0.7 ఉన్నవాళ్లకు అది ఒకటిన్నర రెట్లు దాటినట్టు! పాత కాగితం పక్కన పెట్టుకునే చదవాలి. 48 గంటల్లో 0.3 పెరిగినా కిడ్నీ దెబ్బతిన్నట్టే లెక్క.

యాంకర్: మూత్రం రావట్లేదని, మూత్రం ఎక్కువ తెప్పించే లాసిక్స్ మందు ఇస్తుంటారు కదా?

ఫిజీషియన్: నీళ్లు లేని బావికి మోటర్ పెట్టినట్టు. ముందు పొత్తికడుపు తడిమి చూడాలి. పెద్దాయనకు ప్రోస్టేట్ అడ్డుపడితే పైపు వేయగానే మూత్రం దిగుతుంది. నీరు తగ్గినవాళ్లకు సెలైన్ కావాలి. అదే ఆయాసపడుతున్న మనిషికి ఇంకో బాటిల్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది.

యాంకర్: పాము కాటుకూ కిడ్నీకీ సంబంధం?

నెఫ్రాలజిస్ట్: రక్తపింజర అయితే చాలా ఉంది. దాని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కిడ్నీనీ దెబ్బతీస్తుంది. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తాం. గడ్డకట్టలేదంటే విరుగుడు మందు వెంటనే మొదలు. పసరు తాగిస్తూ కూర్చుంటే ఆ టైం పోతుంది.

యాంకర్: మూత్రం ఆగినవాళ్లకు కొబ్బరినీళ్లు ఇవ్వొచ్చా?

నెఫ్రాలజిస్ట్: వద్దే వద్దు. అందులో పొటాషియం ఎక్కువ, బయటికి పోయే దారి లేదు. రక్తంలో పొటాషియం 6.5 దాటితే గుండె ఆగొచ్చు. డయాలసిస్ ఉన్న ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి, ఈసీజీ తీయించి బయల్దేరండి.