దాహం వేసిన తులసి

శ్రోతలకు నమస్కారం.

మే నెలలో మన విశాఖలో డాబా మీది తులసి కుండీని చూడండి. పొద్దున నీళ్లు పోసినా మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తుంది. సముద్రపు గాలిలో తేమ మనకి చెమట పట్టిస్తుంది గానీ కుండీలో మట్టిని తడపదు కదా! వానాకాలంలో వెడల్పుగా ఉండే ఆకు ఇప్పుడు చిన్నదైపోయి ఉంటుంది. అయినా నలిపితే ఘాటు గుప్పుమంటుంది. ఎందుకంటారు?

తులసి, పుదీనా, మరువం ఆకుల మీద సన్నని నూనె తిత్తులుంటాయి. భూతద్దంలో చూస్తే మెరిసే చుక్కల్లా కనబడతాయి. వేలితో రాస్తే అవి చిట్లి వాసనొస్తుంది. నీరు చాలనప్పుడు ముందు ఆగేది ఎదుగుదల. ఆకులో ఆహారం తయారవడం అంత తొందరగా ఆగదు. ఎదగడానికి ఖర్చు కాని ఆ ఆహారంలో కొంత నూనెల తయారీకి మళ్లుతుందని శాస్త్రవేత్తలు చెబుతారు. పైగా ఆకు విప్పారలేదు కాబట్టి తిత్తులు దగ్గరదగ్గరగా ఉండిపోతాయి. ఎద్దడి మరీ ముదిరితే మాత్రం ఆకు రంధ్రాలు మూసుకుపోయి, కార్బన్ డయాక్సైడ్ అందక, ఆహారమూ తగ్గుతుంది, నూనె కూడా తగ్గుతుంది.

మొక్కను ఎండగడితే గుణం పెరుగుతుందని కొందరు తేలిగ్గా చెప్పేస్తుంటారు. నాకా మాట రుచించదు. ఆకుని ఆవిరి పట్టి నూనె తీసే రైతు లెక్క వేసుకోవాలిగా! నీరందిన మడిలో వంద కిలోల ఆకు, అందులో అర శాతం నూనె అనుకుందాం. అర కిలో వస్తుంది. ఎద్దడిలో నూనె 0.7 శాతానికి పెరిగినా, ఆకు అరవై కిలోలే దిగితే చేతికొచ్చేది 420 గ్రాములు. శాతం పెరిగింది, సీసా తగ్గింది.

వాసన తీరు కూడా మారొచ్చు. తులసి నూనెలో యూజినాల్ అనే పదార్థం ఉంటుంది, లవంగం వాసనకీ అదే మూలం. ఎద్దడిలో దాని వాటా పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది రకాన్ని బట్టి, ఎద్దడి ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంట్లో తులసికి ఆకు బాగా వచ్చేదాకా నీళ్లకి లోటు చేయకండి. కోసే ముందు రెండు మూడు రోజులు కాస్త తగ్గించి చూడండి, చాలు. కొమ్మలు వాడిపోతే వెంటనే తడపండి. నిమ్మగడ్డి కొంచెం మొండిది, ఓర్చుకుంటుంది. పుదీనాతో మాత్రం ఈ ప్రయోగం వద్దు. దాని వేళ్లు పైపైనే ఉంటాయి. మధ్యాహ్నపు ఎండ తగలని వైపు పెట్టి, మట్టి ఎండిపోకుండా చూసుకోండి.