పుట్టీ అప్‌డేట్ చేశారా? అయినా మీ కీ పోయినట్టే!

అప్‌డేట్ చేసేశాం, ఇక గొడవ లేదు అని హాయిగా ఉన్నవాళ్ళందరికీ ముందే చెప్తున్నా. గొడవ అలాగే ఉంది. పుట్టీ అంటే విండోస్ నుంచి దూరంగా ఉన్న సర్వర్లలోకి ఎస్ఎస్‌హెచ్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో లాగిన్ అయ్యే ప్రోగ్రామ్. కీ అంటే అక్కడ పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య ఫైలు. పుట్టీ 0.81 వేసుకున్నంత మాత్రాన మీ పాత కీ బాగుపడదు. సాఫ్ట్‌వేర్‌కి ప్యాచ్ ఉంటుంది. బయటపడిన కీకి ప్యాచ్ లేదు, ఉండదు!

విషయం తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. 2024 ఏప్రిల్‌లో జర్మనీలోని రూర్ బోకుమ్ యూనివర్సిటీ పరిశోధకులు ఫాబియన్ బాయ్మర్, మార్కస్ బ్రింక్‌మన్ పుట్టీలో ఒక లోపం బయటపెట్టారు. 0.68 వెర్షన్ నుంచి 0.80 దాకా, అంటే 2017 నుంచి ఏడేళ్ళ పాటు, పీ-521 రకం ఈసీడీఎస్ఏ కీ (డిజిటల్ సంతకాలు చేసే ఒక రకం కీ) వాడినవాళ్ళ సంతకాలు దాదాపు 60 దొరికితే చాలు, ప్రైవేట్ కీని లెక్కగట్టి లాగేయొచ్చు. ఫైళ్ళు పంపుకునే ఫైల్‌జిల్లా, విన్‌ఎస్‌సీపీ, కోడ్ దాచుకునే గిట్‌కి వాడే టార్టాయిస్‌గిట్ కూడా లోపల పుట్టీ కోడే వాడతాయి. అవీ ఇరుక్కున్నాయి.

నేను చెప్పేది ఒక్కటే. ఎస్ఎస్‌హెచ్ క్లయింట్ రాసేవాడు ఓడిపోయేది ఎన్‌క్రిప్షన్ దగ్గర కాదు. రాండమ్ సంఖ్య దగ్గర. ప్రతిసారీ అక్కడే!

లాగిన్ అయ్యేటప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడండి. నల్ల విండోలో "లాగిన్ యాజ్" అని అడిగే సరికే రెండు వైపులా వెర్షన్ చెప్పుకోవడం, రహస్యం కుదుర్చుకోవడం, ఎన్‌క్రిప్షన్ మొదలవడం అన్నీ అయిపోయి ఉంటాయి. మీరు పేరు కొట్టగానే క్లయింట్ ఆ సెషన్ ఐడీ, మీ యూజర్‌నేమ్, ఇంకొన్ని వివరాలు కలిపి ప్రైవేట్ కీతో సంతకం చేసి సర్వర్‌కి పంపుతుంది. సంతకం చేసిన ప్రతిసారీ ఎవరూ ఊహించలేని కొత్త సంఖ్య ఒకటి కావాలి. దాన్ని కే అంటారు. ఒక్క సంతకంలో వాడిన కే తెలిసిపోయినా, ఆ సూత్రంలో ఇక తెలియనిది మీ ప్రైవేట్ కీ ఒక్కటే మిగులుతుంది. అదీ తేలిపోతుంది.

మరి పుట్టీ ఆ కేని ఎక్కణ్ణించి తెచ్చింది? ఆ కోడ్ మొదట రాసిన రోజుల్లో విండోస్‌లో నమ్మదగ్గ రాండమ్ సంఖ్యలు ఇచ్చే ఏర్పాటే లేదు. అందుకని పుట్టీ రాసిన సైమన్ టాథమ్ తెలివిగా ఒక దారి పట్టాడు. ప్రైవేట్ కీనీ, సంతకం చేయాల్సిన సమాచారాన్నీ కలిపి ఎస్‌హెచ్ఏ-512లో (ఏ సమాచారాన్నైనా 512 బిట్ల సంఖ్యగా మార్చే హ్యాష్ సూత్రంలో) వేసి, వచ్చిన దాన్నే కేగా వాడాడు. ఇది బద్ధకంతో చేసిన పని కాదు, ముందుచూపుతో చేసిన పని. ఇదే ఆలోచన ఆర్ఎఫ్‌సీ 6979 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది 2013లో! టాథమ్ ఆ కోడ్ రాసినప్పటి డీఎస్ఏ అనే సంతకం పద్ధతికి కావాల్సింది 160 బిట్లే, చేతిలో 512 ఉన్నాయి. బోలెడంత మిగులు.

ఆ తర్వాత పీ-521 వచ్చి చేరింది. పేరులోనే ఉంది, దానికి 521 బిట్లు కావాలి. ఎస్‌హెచ్ఏ-512 ఇచ్చేది 512. దుప్పటి పొట్టిదైపోయింది, కాళ్ళు బయటపడ్డాయి. పై 9 బిట్లు ప్రతి సంతకంలోనూ సున్నాలే. ఒక్క సంతకం కూడా తప్పించుకోలేదు.

తొమ్మిది బిట్లేగా, దానికింత టెన్షనా అంటారా? 521ని 9తో భాగించి చూడండి. 58కి కాస్త తక్కువ వస్తుంది. ఆ 60 సంతకాలన్న లెక్క ఇక్కణ్ణించే పుట్టింది. ఒక్కో సంతకం కొంచెం కొంచెం కారుస్తుంది, అరవై అయ్యేసరికి లాటిస్ అనే గణిత పద్ధతి లెక్కలతో మొత్తం కీ చేతికొస్తుంది. రోజుకు పదిసార్లు లాగిన్ అయ్యే అడ్మిన్‌కి ఇది ఆరు రోజుల పని!

నాకు కడుపు మండేది ఎక్కడో తెలుసా? పీ-256 వాడినవాళ్ళకి ఏమీ కాలేదు. పీ-384కి ఏమీ కాలేదు. ఈడీ25519 అనే ఇంకో రకం కీ వాడినవాళ్ళూ క్షేమం. పెద్ద సంఖ్య కదా, ఎక్కువ భద్రత కదా అని ఏరికోరి 521 ఎంచుకున్న జాగ్రత్తపరులే దొరికిపోయారు.

సంతకం ఎన్‌క్రిప్షన్ లోపల పోతుంది కాబట్టి వైఫైలో కాపుకాసినవాడికి కనపడదు, నిజమే. కానీ సర్వర్‌కి కనపడుతుంది కదా! అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకుని సపోర్ట్ ఉద్యోగంలో చేరినవాళ్ళు రోజూ వెళ్ళేది ఎవరి సర్వర్లలోకి? క్లయింట్ సర్వర్లలోకి. వాటిలో ఒక్కటి హ్యాక్ అయినా చాలు, అక్కడ సంతకాలు పోగేసి అదే కీతో మిగతా సర్వర్లన్నిట్లోకీ దూరొచ్చు. ఏజెంట్ ఫార్వర్డింగ్ (మీ కీతో సంతకం చేయించుకునే అవకాశం ఆ సర్వర్‌కి కూడా ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేసుకుని వెళ్ళారంటే ఆరు రోజులు ఆగాల్సిన పనే లేదు. ఇక పేజెంట్‌తో (పుట్టీతో వచ్చే, కీలు పట్టుకునే ప్రోగ్రామ్‌తో) గిట్ కమిట్ల, అంటే కోడ్ మార్పుల, మీద సంతకాలు చేసి పబ్లిక్ రిపోలో పెట్టినవాళ్ళయితే అరవైకి అరవై లోకానికి పంచిపెట్టేశారు.

ఇదొక్కసారి జరిగిందా? 2006లో డెబియన్ అనే లినక్స్ వాళ్ళు, ఎన్‌క్రిప్షన్ పనులు చూసే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కోడ్‌లో ఒక టూల్ హెచ్చరికలు ఇస్తోందని రెండు లైన్లు తీసేశారు. రాండమ్ అన్నది పోయి ప్రాసెస్ ఐడీ ఒక్కటే మిగిలింది. 2008 మేలో లుచియానో బెల్లో పట్టుకునేదాకా, ఒక్కో రకానికి పుట్టగలిగిన ఎస్ఎస్‌హెచ్ కీలు 32 వేల చిల్లరే. 2010 డిసెంబర్‌లో బెర్లిన్‌లో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో అనే హ్యాకర్ల బృందం సోనీ పీఎస్3 గేమ్ కన్సోల్ గుట్టు విప్పింది. అక్కడ మారాల్సిన కే అసలు మారనే లేదు. మూడు చోట్లా గణితం చెక్కుచెదరలేదు. మూడు చోట్లా పోయింది రాండమ్ సంఖ్యే.

ఎస్ఎస్‌హెచ్ మీద వచ్చిన టెర్రాపిన్ దాడి మాటేమిటి అంటారు. 2023 డిసెంబర్‌లో ఇదే బోకుమ్ వాళ్ళు ప్రోటోకాల్‌లోనే పట్టుకున్నారు కదా అని. పట్టుకున్నారు, గొప్ప పనే. కానీ దానితో ఎవరి ప్రైవేట్ కీ అయినా బయటకొచ్చిందా? రాలేదు. నా దృష్టిలో అది గీత, ఇది గొయ్యి.

ఆ ప్రోటోకాల్ పుట్టుకే ముచ్చటైనది. 1995లో ఫిన్లాండ్‌లో తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించారని టాటు ఇలోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశాడు. ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీది పోర్టు 21, పాత లాగిన్ పద్ధతి టెల్నెట్‌ది 23, మధ్యలో 22 ఖాళీగా ఉంది, నాకివ్వండి అని పోర్టు నంబర్లు కేటాయించే ఐఏఎన్ఏకి మెయిల్ పెడితే మర్నాడే ఇచ్చేశారు. అదే ఈ రోజుకీ మనం వాడుతున్న పోర్టు.

సొంతంగా క్లయింట్ రాద్దామనుకునే కుర్రాళ్ళూ, రాయండి. టెర్మినల్ రాయండి, ట్యాబ్‌లు పెట్టండి, ఫాంట్లు పెట్టండి. సంతకం దగ్గరకు వచ్చేసరికి మాత్రం చెయ్యి తీసేయండి. ఆ పని చేసిపెట్టే లైబ్రరీలు సీ అయితే లిబ్‌ఎస్ఎస్‌హెచ్2 ఉంది, పైథాన్ అయితే పారామికో ఉంది. టాథమ్ లాంటివాడికే తొమ్మిది బిట్లు తప్పిపోయాయి. ఆయనే చివరికి సొంత పద్ధతి పక్కన పెట్టి ఆర్ఎఫ్‌సీ 6979కి మారాడు!

ఈ వీడియో ఆపి ఇప్పుడే మీ సర్వర్లలో ఆథరైజ్డ్ కీస్ ఫైల్ (ఏ కీలకి లోపలికి అనుమతి ఉందో రాసుండే జాబితా) తెరవండి. లైను మొదట్లో నిస్ట్‌పీ521 అని ఉండి, ఆ కీని పాత పుట్టీతో ఒక్కసారి వాడినా సరే, తీసేయండి. పుట్టీతో వచ్చే పుట్టీజెన్‌లో కీ తయారుచేసి వేరే క్లయింట్‌తోనే వాడితే ఫర్వాలేదు. గిట్‌హబ్‌లో, గిట్‌ల్యాబ్‌లో కూడా చూడండి. తర్వాత ఈడీ25519 కీ కొత్తది చేసుకోండి. ఫైల్‌జిల్లా 3.67.0, విన్‌ఎస్‌సీపీ 6.3.3 కన్నా పాతవైతే మార్చండి. పుట్టీని టాథమ్ సొంత పేజీ నుంచే దించుకోండి, పుట్టీ డాట్ ఆర్గ్ వాళ్ళది కాదు. జంప్ సర్వర్‌ని (మిగతా సర్వర్లలోకి వెళ్ళడానికి ముందు దిగే సర్వర్‌ని) మాత్రం వదిలేయకండి, ఎప్పుడో ఉద్యోగం మానేసినవాళ్ళ కీలు ఎక్కువగా ఉండేది అక్కడే.