ఓటు ఎవరిది?

అందరికీ నమస్కారం. ఇక్కడున్న చాలామంది పిల్లలు ఈ ఏడు అమెరికాలో కాలేజీ మెట్లెక్కుతున్నారు. వాళ్ళు "ఫ్రాటర్నిటీలో చేరనా?" అంటే చాలు, మనం "తాగుడూ తందనాలూ వద్దు నాయనా" అంటాం. ఆ భయం ఇవాళ్టికి పక్కన పెట్టండి. ఫ్రాటర్నిటీ అంటే కాలేజీ కుర్రాళ్ళు ఒకే ఇంట్లో కలిసి నడుపుకునే సంఘం; అమ్మాయిలదైతే సోరోరిటీ. కొత్తవాళ్ళని సభ్యులే ఓటేసి చేర్చుకుంటారు. ఆ ఇళ్ళలోకి ఎవరిని రానిచ్చారో, ఎవరు వద్దన్నారో చెబుతాను.

1948లో మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఫై కప్పా సై అనే ఫ్రాటర్నిటీ శాఖ కుర్రాళ్ళు ఒక నల్లజాతి సహపాఠిని తమలో చేర్చుకున్నారు. జాతీయ సంఘం ఆ శాఖనే సస్పెండ్ చేసింది. కుర్రాళ్ళు తగ్గలేదు. ఫై ఆల్ఫా సై అని పేరు మార్చుకుని అదే ఇంట్లో కొనసాగారు. అప్పట్లో తెల్లవాళ్ళకే సభ్యత్వమని కొన్ని సంఘాలు నిబంధనల్లోనే రాసుకునేవి. 1964లో పౌర హక్కుల చట్టం వచ్చాక అలా రాసుకోవడం కష్టమైంది. రాత పోయింది కానీ, అలవాటు పోతుందా?

అలబామా యూనివర్సిటీకి రండి. 1963 జూన్ 11న ఇద్దరు నల్లజాతి విద్యార్థులు చేరడానికొస్తే, సాక్షాత్తూ గవర్నర్ జార్జ్ వాలెస్ గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. ఆఖరికి పక్కకి జరగక తప్పలేదు. యాభై ఏళ్ళు దాటాక, 2013 సెప్టెంబరులో, అక్కడి విద్యార్థి పత్రిక 'క్రిమ్సన్ వైట్' ఒక కథనం వేసింది. బడిలో చదువులో రెండో స్థానంలో నిలిచిన ఒక నల్లజాతి అమ్మాయికి పదహారు సోరోరిటీల్లో ఒక్కటీ ఆహ్వానం ఇవ్వలేదు.

నన్ను ఆపేసింది ఆ తర్వాతి సంగతి. లోపలున్న అమ్మాయిల్లో కొందరికి ఆమె కావాలి. ఒక సోరోరిటీలో ఓ సభ్యురాలు లేచి, ఆమె పేరు మీద ఓటెందుకు పెట్టలేదని నిలదీసింది. పేరు ఓటుదాకా రాకుండా ఆపింది పూర్వ విద్యార్థినులని సభ్యులే పత్రికకు చెప్పారు. ఎప్పుడో చదువు ముగించి, పెళ్ళిళ్ళై, వేరే ఊళ్ళలో ఉంటున్నవాళ్ళు! సిఫారసు ఉత్తరాలు వాళ్ళవి, ఇంటికి చందాలు వాళ్ళవి. పుట్టింటి పెత్తనం వదులుకోని మేనత్తల్లాగా. ఆమ్‌హర్స్ట్‌లోనూ అంతేగా? ఇంట్లో ఉండేవాడు రమ్మన్నాడు, ఇంట్లో లేనివాడు వద్దన్నాడు.

విద్యార్థులు ఊరేగింపు తీశారు. యూనివర్సిటీ అధ్యక్షురాలు జూడీ బానర్ సోరోరిటీల్లో చేరికలు మళ్ళీ తెరవమన్నారు. కొద్దిరోజుల్లోనే 11 మంది నల్లజాతి అమ్మాయిలకు ఆహ్వానాలు వెళ్ళాయి. వెంటనే ఒప్పుకున్నది నలుగురే. మిగతావాళ్ళని నేను తప్పుపట్టను. మొహమాటానికి ఇచ్చిన శుభలేఖ పట్టుకుని పెళ్ళికి ఎవరు వెళ్తారు?

తలుపు తెరవనివాళ్ళ కోసం నల్లజాతి విద్యార్థులు ఎప్పుడో కాచుక్కూర్చోవడం మానేశారు. 1906లో కార్నెల్ యూనివర్సిటీలో ఆల్ఫా ఫై ఆల్ఫా ఫ్రాటర్నిటీ, 1908లో హోవార్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా సోరోరిటీ పెట్టుకున్నారు. కమలా హారిస్ ఈ రెండోదాంట్లో సభ్యురాలే. మన దక్షిణాసియా కుర్రాళ్ళూ 1998లో టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై అనే ఫ్రాటర్నిటీ ప్రారంభించారు. అక్కడ మనవాడు అంటే ఎవడన్న ప్రశ్న మనకీ ఉంటుంది, దాచుకోవద్దు.

చేరేముందు మీ పిల్లల్ని ఆ ఇంటివాళ్ళని రెండే అడగమనండి. ప్రతి పేరూ ఓటుకి వస్తుందా? ఆ ఇంట్లో ఉండనివాళ్ళు పేరు కొట్టేయగలరా?