చమురు దేశానికి గ్యాసు ఓడలు

శ్రోతలకు నమస్కారం.

కడప వైపు, గోదావరి జిల్లాల వైపు కువైట్‌కు మనిషిని పంపని ఊళ్లు తక్కువ. అక్కడి బుర్గాన్ ప్రపంచంలోకెల్లా పెద్ద చమురు క్షేత్రాల్లో ఒకటి. అయినా ఆ దేశం 2009 నుంచి గ్యాసును ఓడల్లో తెప్పించుకుంటోంది.

ఎందుకంటే, కువైట్ గ్యాసులో చాలా భాగం చమురుతో పాటే బావిలోంచి పైకొస్తుంది. పాలు పితికితేనే వెన్న. చమురు ఎగుమతి చేసే దేశాల కూటమి ఒపెక్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం చమురు తగ్గించి తోడితే గ్యాసూ తగ్గిపోతుంది. వేసవి ఎండకు ఆ ఒప్పందంతో పనేముంది? 2016 జులైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలో ఏసీ సుఖం కోసం కాదు, ప్రాణం కోసం. గ్యాసు చాలనప్పుడు విద్యుత్ కేంద్రాల్లో చమురే మండిస్తారు. అమ్మితే డబ్బు తెచ్చే సరుకు పొగైపోతుంది, గాలీ పాడవుతుంది.

అందుకే కువైట్ తీరంలోని అల్ జౌర్ దగ్గర ఓడల నుంచి గ్యాసు దించుకునే పెద్ద టెర్మినల్ కట్టారు. 2021లో మొదటి ఓడ వచ్చింది. గ్యాసును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, దాదాపు 600 వంతుల చోటు పట్టే గ్యాసు ఒక వంతులో ఇముడుతుంది. దాన్ని నిలవ చేయడానికి అక్కడ 8 ట్యాంకులున్నాయి, ఒక్కొక్కటి 2,25,000 ఘనమీటర్లు. ఖతార్‌తో 2024లో కుదిరిన ఒప్పందం ఏడాదికి 30 లక్షల టన్నులు, 15 ఏళ్ల పాటు.

ఓడలు ఎన్ని వచ్చినా వాడకానికి పగ్గం లేకపోతే కష్టమే. కువైట్ పౌరుల ఇళ్లకు యూనిట్ కరెంటు దశాబ్దాలుగా 2 ఫిల్సులే, అంటే మన లెక్కలో అర్ధ రూపాయికి కాస్త అటూ ఇటూ. తయారీ ఖర్చు దానికి ఎన్నో రెట్లు. కలిగినవాళ్లకైనా నెమ్మదిగా ధర పెంచాలని నా అభిప్రాయం. చమురు సొమ్ముతో పౌరులందరికీ చవగ్గా ఇవ్వడం ఆ పాలకులు ఇచ్చిన మాట. దాన్ని కదపడం తేలిక కాదని నాకూ తెలుసు.

2024 జూన్‌లో కొన్ని ప్రాంతాల్లో వేళలు ప్రకటించి కరెంటు తీశారు. గదికి నలుగురైదుగురు సర్దుకుని పడుకునే మన పిల్లలకు ఆ గంట, రెండు గంటలు ఎలా గడిచాయో, ఇక్కడ ఫోను పట్టుకుని కూర్చున్న తల్లిదండ్రులను అడగండి.