వదినా మరదళ్ల కబుర్లు: రాత్రి మూడింటికి మెలకువ

[కుర్చీ జరిపిన చప్పుడు]

మరదలు: ఫ్యాన్ ఆపేశా వదినా. కిందటిసారి హెలికాప్టర్‌లో కూర్చుని మాట్లాడినట్టుందని అందరూ తిట్టారు.

వదిన: మే నెల్లో, బెజవాడలో, ఫ్యాన్ ఆపి నన్ను కూర్చోబెట్టి నిద్ర గురించి మాట్లాడమంటున్నావు. బావుంది.

మరదలు: అరగంటే కదా. అందరికీ నమస్కారం. నలభై దాటాక, నెలసరి ఇంకా పూర్తిగా ఆగకముందే నిద్ర ఎందుకు పాడవుతుంది, దానికేం చేయాలి, ఇదీ ఈ వారం సంగతి. గుంటూరు నుంచి ఒకావిడ రాశారు. 'రోజూ మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. పక్కన ఆయన గురక, గోడ మీద బల్లి, నేను. అందరికీ ఇంతేనా?' అని.

వదిన: బల్లితో సహా నాదీ అదే కథ. కాకపోతే నాకు 2:50కి.

మరదలు: ఫెరిటిన్ చూపించుకున్నావా? అదే, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష.

వదిన: ఒకటి.

మరదలు: లెక్కపెట్టకు, నిజంగానే అడుగుతున్నా.

వదిన: జుట్టు రాలితే ఫెరిటిన్, కాలు బెణికితే ఫెరిటిన్. ముందు విషయం చెప్పు.

మరదలు: సరే. మన దేశంలో నెలసరి ఆగే వయసు సగటున 46, 47. అంతకుముందు కొన్నేళ్లు హార్మోన్లు ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండవు. ప్రొజెస్టరాన్ అని, మనల్ని జోకొట్టే హార్మోన్ ఒకటుంది, అది తగ్గుతుంది. ఈస్ట్రోజెన్ పడిపోయినప్పుడేమో మెదడులో ఒంటి వేడి చూసుకునే హైపోథాలమస్ తిక్కతిక్కగా చేస్తుంది. మామూలుగా వేడి కాస్త అటూ ఇటూ అయినా పట్టించుకోదా, ఇప్పుడు చిటికెడు పెరిగినా గగ్గోలు పెట్టి చెమటలు పట్టించేస్తుంది. అవే వేడి ఆవిర్లు.

వదిన: ఇదిగో, ఇదే నేను మీ అన్నయ్యకు చెప్పేది! పడుకునేటప్పుడు ఏసీ 20లో పెడతానా. ఒళ్లంతా సెగలు కక్కుతూ 2:50కి లేచి చూస్తే 26లో ఉంటుంది. రిమోట్ ఆయన దిండు కింద.

మరదలు: అన్నయ్యకు చలి వదినా. చిన్నప్పుడు సంక్రాంతికి మంకీ క్యాప్ పెట్టుకుని గాలిపటం ఎగరేసేవాడు.

వదిన: వచ్చిందండీ లాయరు.

మరదలు: లాయరేం కాదు. ఆయనకూ నిద్ర కావాలి కదా?

వదిన: ఆయన నిద్రకేం, సింహాచలం కొండ కూడా కదుల్తుంది ఆ గురకకి. పైగా ఏమంటారో తెలుసా? 'గవర్నమెంటే 24 అంది' అంటారు.

మరదలు: అంది కదా. 2020 జనవరి నుంచి కొత్త ఏసీ ఏదైనా ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలని రూలు. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు కలిసొస్తుందని చెప్తారు.

వదిన: మొదలవ్వమన్నారు, అక్కడే ఉండిపొమ్మన్నారా? అసలు మా ఏసీ 2016లో కొన్నది, దానికా రూలే లేదు. పోనీ 24లో పెట్టినా ఊరుకుందును. ఆయన పెట్టేది 26!

మరదలు: చెమట ఆరాక నీకే వణుకొచ్చి దుప్పటి మొత్తం లాక్కుంటావట. అది చెప్పవే మరి?

వదిన: నీకెవరు చెప్పారు?

మరదలు: ...అన్నయ్యే. ఫోన్ చేశాడు.

వదిన: దుప్పటి గురించి ఫోన్ చేశారా?

మరదలు: కాదులే. ఇది కట్ చేద్దామా?

వదిన: ఏం కట్ చేయక్కర్లేదు, చెప్పు.

మరదలు: 'మీ వదిన అర్ధరాత్రి హాల్లో చీకట్లో ఒక్కతే కూర్చుంటోంది. పిలిస్తే పలకట్లేదు. నాకు భయంగా ఉంది' అన్నాడు.

[కాసేపు మాటల్లేవు]

వదిన: నాతో ఒక్క మాట అనలేదు.

మరదలు: అడిగితే అరుస్తావని.

వదిన: పిచ్చి మనిషి. చీకట్లో కూర్చుని వెల్లుల్లి వలుస్తున్నానమ్మా, ఆవకాయకి! పెద్ద లైటు వేస్తే ఉన్న కాస్త మత్తూ పోతుందని వీధి దీపం వెలుగులో కూర్చుంటా. డాక్టరమ్మ చెప్పిందే అది. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లొద్దు, లేచి విసుగు పుట్టే పని ఏదైనా చేసుకో, కళ్లు మూతలు పడ్డాకే మళ్లీ వెళ్లు అంది.

మరదలు: సీబీటీ-ఐ అంటారు దాన్ని, మందుల్లేకుండా అలవాట్లు మార్చి నిద్ర తెప్పించే పద్ధతి. నిద్రమాత్రల కంటే ముందు అదే చేయించాలని అమెరికా ఫిజీషియన్ల సంఘం 2016లోనే చెప్పింది. మంచం అంటే మెలకువ అని ఒంటికి అలవాటైపోతుంది, ఆ అలవాటు తప్పించాలన్నమాట.

వదిన: రెండు వారాలు నరకం. ఎన్నింటికి పడుకున్నా ఐదున్నరకే లేవాలి, మధ్యాహ్నం కునుకు లేదు, గడియారం చూడకూడదు.

మరదలు: మరి 2:50 అని ఎలా తెలిసింది?

వదిన: ...చూస్తాననుకో.

మరదలు: [నవ్వు]

వదిన: ఆయనకు భయం ఎందుకో నాకు తెలుసు. మా అక్క. 34 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని వెళ్తే, ముందుముందు క్యాన్సర్ అవుతుందన్నారు. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు' అన్నారు. అండాశయాలు కూడా తీసేశారని తర్వాతెప్పుడో కాగితాలు చూస్తే తెలిసింది. మనకు ఏళ్ల తరబడి మెల్లగా జరిగేది దానికి ఒక్క పూటలో జరిగిపోయింది. రాత్రిళ్లు వాకిట్లో తిరుగుతుండేది. గాలి సోకిందని తాయెత్తు కట్టారు.

మరదలు: మన దగ్గర ఇది మరీ ఎక్కువ వదినా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు. ఆంధ్రలో దాదాపు తొమ్మిది, తెలంగాణలో ఎనిమిదికి దగ్గర.

వదిన: అందులో ఒకటి మా అక్క.

[దూరంగా కుక్కర్ కూత]

మరదలు: ...రెండేనా?

వదిన: మూడు. పప్పే, ఉడకనీ.

మరదలు: గుంటూరావిడకి ఏదో ఒకటి చెప్పాలి కదా. పక్కింటావిడ ఇచ్చిన సగం నిద్రమాత్ర మాత్రం వద్దండీ. అలవాటైతే మానడం కష్టం, మత్తులో లేచి బాత్రూంలో జారిపడతారు. హార్మోన్ మందులంటే క్యాన్సరేనని, 2002లో ఒక పరిశోధన వచ్చినప్పటి నుంచి అందరికీ ఒకటే బెదురు. ఆ పరిశోధనలో ఉన్నవాళ్ల సగటు వయసు 63, మనది కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకీ, రక్తం గడ్డలు కట్టినవాళ్లకీ మామూలుగా ఇవ్వరు. మిగతావాళ్లు డాక్టర్ని అడగడానికైనా భయపడక్కర్లేదు. సాయంత్రం కాఫీ మానండి. ఇక, నెలసరిలో ఎక్కువగా పోతోందా, రాత్రి కాళ్లలో చీమలు పాకినట్టుందా, అప్పుడు...

వదిన: రెండు.

మరదలు: నేనింకా ఆ మాటే అనలేదు!

వదిన: అనబోయావు. నా కాళ్లూ అలాగే లాగుతున్నాయిలే. రేపు రక్తం ఇచ్చొస్తా, మీ అన్నయ్యను తీసుకెళ్లమంటా. దార్లో అడుగుతా, నా దగ్గర అనలేనిది చెల్లెలికెందుకు చెప్పారో.

మరదలు: నన్నిరికించకు వదినా.

వదిన: ఆగాగు.

మరదలు: ఏమైంది?

వదిన: వస్తోంది. మెడ వెనక మొదలైంది. ఫ్యాన్ వెయ్.

మరదలు: ఇంకా రెండు పాయింట్లున్నాయి, ఐదంటే ఐదే నిమిషాలు...

వదిన: వెయ్యమంటుంటే!

[ఫ్యాన్ చప్పుడు]

మరదలు: ఇక ఎవరికీ ఏమీ వినపడదు.

వదిన: ఐదులో పెట్టు. హెలికాప్టర్ అనుకోమను.